తోట శీర్షికలో నేల వెచ్చదనం కూడా అచ్చు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని పెరటి తోట శీర్షికను నేను చాలాకాలంగా వదలకుండా చదువుతున్నాను. వసంతం అడుగుపెట్టిన సందర్భంగా ఇటీవల అందులో వచ్చిన విత్తనాల పట్టికను గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక వరుసలో కూరగాయల పేర్లు, వాటికి ఎదురుగా విత్తవలసిన తేదీలు ఉన్న ఆ పట్టిక చూడముచ్చటగా ఉంది. కత్తిరించి గోడకు అంటించుకోవడానికి వీలుగా కూడా ఉంది. చిక్కల్లా అందులో తేదీ తప్ప మరే వివరమూ లేకపోవడమే. బఠానీకీ బీన్స్‌కూ, ముల్లంగికీ బెండకూ ఒకే పక్షంలో ముహూర్తం పెట్టేశారు. కొత్తగా తోట వేసేవారు ఆ పట్టికను నమ్మి నిరుడు నేను పడ్డ పాట్లే పడతారన్న భయంతో, తేదీల పక్కన ఒక్కొక్క విత్తనానికి కావలసిన నేల వెచ్చదనాన్ని కూడా అచ్చు వేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

నిరుటి సంగతి ముందు చెబుతాను. వసంతం మొదట్లో నాలుగు రోజులు వరసగా ఎండ కాసింది. మధ్యాహ్నం గాలి వేడి 22 డిగ్రీల సెల్సియస్ చూపించింది. స్వెట్టరు విప్పి పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్క పూటలో మడి గుల్ల చేసి 40 బీన్స్ గింజలు వరసల్లో పెట్టాను. అయిదో రోజున మబ్బు పట్టింది, ఆపైన సన్నటి చలివాన మొదలైంది. పన్నెండో రోజుకు మూడంటే మూడు మొలకలు మెడలు వంచుకుని పైకి వచ్చాయి. మిగిలినవి ఏమయ్యాయో చూద్దామని వేలితో మట్టి తప్పించి ఒక గింజను బయటికి తీశాను. అది ఉబ్బి రెట్టింపయింది. పైతోలు ముడతలు పడి దానంతట అదే ఊడి వచ్చింది. లోపలి బద్దలు రెండూ వేళ్ల మధ్య జున్నులా నలిగిపోయాయి, పుల్లటి వాసన కొట్టింది. వేరు రావలసిన మొన గోధుమరంగుకు తిరిగిందే గాని ఆవగింజంత కూడా ముందుకు కదలలేదు. అలాంటివి ఇంకో పది తీసి చూసి, మిగిలినవాటిని వెతకడం మానేశాను. అప్పుడు గాని మడిలో థర్మామీటరు గుచ్చి చూడాలన్న ఆలోచన రాలేదు. అయిదు సెంటీమీటర్ల లోతున అది 9 డిగ్రీలు చూపించింది. అయిదు వారాలు ఆగి, అదే చోట నేల 20 డిగ్రీలకు వచ్చాక, అదే పొట్లంలో మిగిలిన గింజలు 40 పెడితే పదకొండు పన్నెండు రోజుల్లో 36 మొలిచాయి. విత్తనంలో లోపం లేదని అప్పుడు తేలింది.

వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు ఉత్తరార్ధగోళంలో మార్చి 20 లేదా 21న, దక్షిణార్ధగోళంలో సెప్టెంబరు 22 లేదా 23న వస్తుంది. అది సూర్యుడి లెక్క కనుక ఏటా ఇంచుమించు ఒకే రోజున తప్పకుండా జరుగుతుంది. నేల మాత్రం ఆ లెక్కకు కట్టుబడదు. చలికాలమంతా పోగొట్టుకున్న వేడిని అది మెల్లగా, పైనుంచి కిందికి, పొర తర్వాత పొరగా తిరిగి కూడబెట్టుకోవాలి. పైగా వసంతారంభంలో మట్టి నిండా నీళ్లుంటాయి. బరువుకు బరువు పోల్చి చూస్తే, నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పొడి మట్టికి కావలసిన దానికంటే దాదాపు అయిదు రెట్ల వేడి ఖర్చవుతుంది. పైపొర ఆరేటప్పుడు ఆవిరితో పాటు మరికొంత వేడి వెళ్లిపోతుంది. అందువల్ల గాలి రెండు రోజుల్లో వేడెక్కినంత తేలిగ్గా నేల వేడెక్కదు. ఇసుక పాలు ఎక్కువ ఉన్న మట్టి త్వరగా ఆరి త్వరగా వెచ్చబడితే, బంకమట్టి బాగా వెనకబడుతుంది. ఒకే పెరట్లో గోడ వారన ఎండ తగిలే మడికీ, చెట్టు నీడన పల్లంలో ఉన్న మడికీ మధ్య కూడా తేడా ఉంటుంది. ఒకే మడి ఒక ఏడు పది డిగ్రీలకు వచ్చిన రోజుకూ మరుసటి ఏడు వచ్చిన రోజుకూ మధ్య రెండు మూడు వారాలు అటూ ఇటూ కావడం మామూలే. ఇన్ని తేడాలను ఒక తేదీ ఎలా మోయగలదో పట్టిక తయారు చేసినవారే చెప్పాలి.

చల్లటి మట్టిలో గింజ కేవలం నిద్రపోతూ ఉంటే ఇబ్బంది లేదు, వేడి రాగానే లేచేది. బీన్స్ వంటి వాటి విషయంలో జరిగేది అది కాదు. పూర్తిగా ఎండిన గింజ మట్టిలో పడగానే మొదటి కొన్ని గంటల్లోనే ఆబగా నీరు పీల్చుకుంటుంది. ఎండిన కణాల చుట్టూ ఉండే సన్నటి పొరలు ఆ సమయంలో మళ్లీ సర్దుకుని గట్టిపడాలి. నీరు మరీ చల్లగా ఉంటే ఆ సర్దుబాటు సరిగా జరగక, కణాల్లోని చక్కెరలు బయటికి కారిపోతాయి. మట్టిలోని బూజులకు ఆ తీపి విందు అవుతుంది. నా వేళ్ల మధ్య నలిగిన గింజ కథ అదే. అంటే ముందుగా విత్తడం వల్ల ముందుగా కాపు రాకపోగా, విత్తనం పోయింది, మడి అయిదు వారాలు ఖాళీగా ఉండిపోయింది.

ఈ లెక్కలు కొత్తవేమీ కావు. మొక్కల పెరుగుదలను రోజులతో గాక, రోజురోజు వేడిని కూడుకుంటూ పోయి కొలవవచ్చునని ఫ్రాన్సుకు చెందిన రియోమూర్ 1735లోనే ప్రతిపాదించాడు. కూరగాయల విత్తనాల వరకు వస్తే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ హారింగ్టన్ 1950లలో ఒక్కొక్క విత్తనాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతల మట్టిలో పెట్టి ఎన్ని రోజులకు మొలుస్తుందో పట్టికలు వేశాడు. ఇప్పటికీ చాలా తోట పుస్తకాలు ఆ అంకెలనే చెబుతాయి. వాటి ప్రకారం టమాటా 10 డిగ్రీల నేలలో మొలవడానికి 43 రోజులు పడితే, 15 డిగ్రీల్లో 14, 20 డిగ్రీల్లో 8, 25 డిగ్రీల్లో 6 రోజులు పడుతుంది. క్యారెట్‌కు 5 డిగ్రీల్లో 50 రోజులు, 10లో 17, 20లో 7. బఠానీ 5 డిగ్రీల్లో కూడా 36 రోజులకు మొలుస్తుంది, 10కి వస్తే 14 రోజులు చాలు. పాలకూర జాతి స్పినాచ్ 5 డిగ్రీల్లో 23 రోజులకు పైకి వస్తుంది. బెండకు 15 డిగ్రీల్లో 27 రోజులు, 30 డిగ్రీల్లో వారం. పచ్చిగా తినే ఆకుకూర లెట్యూస్ చలికి ఓర్చినా మరీ వేడికి ఓర్వదు: 5 డిగ్రీల్లో 15 రోజులు, 20 డిగ్రీల్లో 3 రోజులు, 35 డిగ్రీల్లో అసలు మొలకే ఉండదు. ఈ అంకెలను ఒక్కసారి కళ్ల ముందు పెట్టుకున్నవారెవరూ బఠానీకీ బెండకూ ఒకే పక్షం రాయరని నా నమ్మకం.

వీటిని బట్టి పెరటి తోటకు కావలసినంత మేరకు మోటుగా ఒక విభజన చేసుకోవచ్చు. నేల 5 డిగ్రీలు దాటి పైకి పోతున్నదంటే బఠానీ, స్పినాచ్, లెట్యూస్, ఉల్లి, ముల్లంగి ధైర్యంగా విత్తవచ్చు. 8 నుంచి 10 డిగ్రీల మధ్య క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ జాతులు మొదలుపెట్టవచ్చు. బీన్స్, మొక్కజొన్న 15 డిగ్రీలు దాటేదాకా ఆగాలి. దోస, గుమ్మడి, బెండ వంటివి 20కి చేరువైతే గాని మడిలోకి రాకూడదు. మధ్యాహ్నం చేతికి తగిలే వెచ్చదనాన్ని చూసి మోసపోకూడదు. అయిదు సెంటీమీటర్ల లోతున పగటికీ రాత్రికీ మధ్య చాలా తేడా ఉంటుంది, సూర్యోదయం తర్వాత కాసేపటి వరకు అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కనుక పొద్దున్నే చూడాలి, అదీ ఒక్క రోజు కాదు, నాలుగైదు రోజులు వరసగా చూడాలి. వంటింట్లో వాడే, మొన కలిగిన థర్మామీటరు ఈ పనికి సరిపోతుంది.

ఇక్కడ మీ పత్రిక చేయగలిగిన పని ఒకటి ఉంది. వాతావరణ పరిశీలన కేంద్రాలు గాలి ఉష్ణోగ్రతతో పాటు నేల ఉష్ణోగ్రతను కూడా కొలుస్తాయి. ప్రపంచ వాతావరణ సంస్థ ఇందుకు 5, 10, 20, 50, 100 సెంటీమీటర్ల లోతులను ప్రామాణికంగా నిర్ణయించింది. మీరు రోజూ గరిష్ఠం, కనిష్ఠం, తేమ శాతం, సూర్యోదయం, సూర్యాస్తమయం అచ్చు వేస్తున్న చోటనే, విత్తనాల కాలం నడిచే రెండు మూడు నెలల పాటైనా 5, 10 సెంటీమీటర్ల లోతు అంకెలు రెండు చేరిస్తే, పట్టికలోని తేదీల కంటే అవి వందరెట్లు ఉపయోగపడతాయి. కేంద్రం దగ్గరి అంకె మన మడికి అచ్చంగా సరిపోకపోవచ్చు. అయినా నేల పైకి పోతోందా, ఆగిందా, మళ్లీ దిగిందా అన్న నడక తెలుస్తుంది. గాలి సంగతి చదివి విత్తనాలు వేసేవారికి ఆ మాత్రం హెచ్చరిక చాలు.

వెచ్చదనం ఒక్కటీ ఉంటే అంతా అయిపోయిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. సేద్యం చేసేవారు అదను (తగిన సమయం), పదును (మట్టిలో తగినంత తడి) అని రెండు మాటలు జంటగా వాడతారు. అదను కోసం మనం ఎంత ఆత్రపడతామో పదును గురించి అంత పట్టించుకోము. చలికాలపు తడి ఆరకముందే మడిలో దిగి తవ్వితే మట్టి పెళ్లలు పెళ్లలుగా లేచి, ఎండకు ఇటుకల్లా గట్టిపడుతుంది. గాలి ఆడే సందులు ఒకసారి మూసుకుపోయాయంటే ఆ ఏడాదంతా ఆ మడి సరిగా దారికి రాదు. నేను చేసే పరీక్ష చాలా చిన్నది. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించి, తెరిచి, బొటనవేలితో ఉండను మెల్లగా నొక్కుతాను. ఉండ పొడిపొడిగా విడిపోతే పదును వచ్చినట్టు. వేలి గుర్తు పడి మెత్తగా అణిగిందంటే పార మళ్లీ గోడకు ఆనించి ఇంకో రెండు రోజులు ఆగవలసిందే. అడుగు ఎత్తు మడులు కట్టుకున్నవారికి నీరు త్వరగా దిగి నేల ముందుగా వెచ్చబడుతుంది. విత్తడానికి రెండు మూడు వారాల ముందే మడి మీద ప్లాస్టిక్ పట్టా పరిచి అంచులకు రాళ్లు పెడితే వాన నీరు చేరదు, వెచ్చదనం కొంత నిలుస్తుంది. పట్టా మట్టికి ఆనుకుని బిగుతుగా ఉండాలి. మధ్యలో గాలి ఉంటే పట్టా వేడెక్కుతుంది గాని మట్టికి ఆ వేడి అందదు.

ముందుగా విత్తితే ముందుగా కాపు వస్తుందన్న ఆశ వల్ల వచ్చే మరో నష్టం గురించి మీ శీర్షికలో ఎప్పుడూ చదవలేదు. ఉల్లి, క్యాబేజీ, బీట్‌రూట్ వంటివి స్వభావరీత్యా రెండేళ్ల మొక్కలు. మొదటి ఏడు గడ్డో ఆకో పెంచుకుని, చలికాలం గడిచాక పూస్తాయి. మరీ ముందుగా పెరిగి కాస్త కాండం లావెక్కిన నారు కొన్ని వారాలు పది డిగ్రీల లోపు చలిలో నిలబడితే, చలికాలం వచ్చి వెళ్లిందని లెక్కవేసుకుని, గడ్డ ఊరకముందే పూకాడ తన్నేస్తుంది. అదే జాతిని మూడు వారాలు ఆలస్యంగా నాటినవారి మడిలో మాత్రం గడ్డలు చక్కగా ఊరతాయి. ఆలస్యమైన మొక్క వెచ్చటి నేలలో ఎంత వేగంగా అందుకుంటుందో రెండు వరుసలు పక్కపక్కనే వేసి చూస్తే తప్ప నమ్మకం కలగదు.

తేదీ నిజంగా పనికివచ్చేది ఇంట్లో పోసుకునే నారుకు. టమాటా బయట నాటడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, మిరప, వంగ ఎనిమిది నుంచి పది వారాల ముందు ట్రేల్లో పోసుకోవాలి. ఆ వెనక్కి లెక్క కట్టడానికి గడ్డకట్టే మంచు ఆఖరిసారి పడే సగటు తేదీని ఆధారం చేసుకుంటారు. అయితే సగటు అన్న మాటను విడమరిచి చెప్పకపోతే చదివేవారు దాన్ని హామీగా తీసుకుంటారు. సగటు తేదీ అంటే ఇంచుమించు సగం సంవత్సరాల్లో ఆ తర్వాత కూడా మంచు పడుతుందని అర్థం.

ఇంట్లో నారు పోసేవారు చేసే తప్పు దాదాపు ఒక్కటే, వెలుతురు చాలకపోవడం. కిటికీ దగ్గర మన కంటికి పట్టపగలులా కనిపించే వెలుతురు మొలకకు మసక చీకటితో సమానం. రెండు బీజదళాలను నెత్తిన పెట్టుకుని దారప్పోగులా సాగి, గాజు వైపు వాలిపోయిన నారు చూడని పెరటి తోట మనిషి ఉండడు. మొలిచేదాకా 25 డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలి. మొలక తల ఎత్తిన రోజునే వేడి తగ్గించి, 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచి, దీపం కింద పెట్టేవారైతే బెత్తెడు ఎత్తులో రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఇవ్వాలి. వేడి ఎక్కువై వెలుతురు తక్కువైతే సాగడం ఖాయం. సాగిన టమాటాను కాపాడుకోవచ్చు. దాని కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి కనుక మొదటి ఆకుల దాకా లోతుగా నాటితే నిలదొక్కుకుంటుంది. మిరపకు ఆ సదుపాయం అంతగా లేదు. నారుకుళ్లు తెగులు సంగతి మీ శీర్షికలో బాగానే రాశారు గాని, మందుల పేర్లకు ఇచ్చిన చోటు కారణాలకు ఇవ్వలేదు. పిథియం, రైజోక్టోనియా వంటి బూజులు ఎప్పుడూ తడిగా, ఒత్తుగా, గాలి ఆడకుండా ఉన్న ట్రేలోనే చెలరేగుతాయి. సాయంత్రం నిటారుగా ఉన్న నారు పొద్దునకు మట్టి మట్టంలో నల్లటి దారంలా సన్నబడి పడిపోతుంది. పలచగా చల్లడం, పైన మట్టి కాస్త ఆరనిచ్చి అడుగు నుంచి నీరు పట్టించడం, పాత ట్రేలను కడిగి వాడడం, ఈ మూడూ పాటిస్తే మందు అవసరం చాలావరకు రాదు.

లోతు విషయంలో కూడా పట్టికలో ఒక గడి ఉండాలి. గింజ మందానికి రెండు మూడు రెట్లు మట్టి కప్పాలన్నది అందరికీ తెలిసిన లెక్కే అయినా, కొన్నిటికి అది కూడా ఎక్కువే. 1952లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, ఆయన సహచరులు లెట్యూస్ గింజల మీద ఎర్రటి వెలుతురు పడితే మొలుస్తున్నాయనీ, ఎరుపు ఆవలి అంచున కంటికి కనీకనబడకుండా ఉండే ‘ఫార్-రెడ్’ వెలుతురు పడితే ఆగిపోతున్నాయనీ, ఏ వెలుతురు ఆఖరున పడితే గింజ ఆ మాటే వింటోందనీ చూపించారు. ఆవగింజలో సగం కూడా లేని విత్తనం తాను మట్టి పైన ఉన్నానా, లోతున ఉన్నానా, పెద్ద ఆకుల నీడన ఉన్నానా అని తెలుసుకునే ఉపాయం అది. సెలరీ కూడా అంతే. ఇలాంటి వాటిని తడి మట్టి మీద చల్లి, అరచేత్తో అదిమి, పైన ఏమీ కప్పకుండా వదలాలి. క్యారెట్‌ది ఇంకో రకం బాధ. పదిహేడు రోజులు పైపొర ఆరకుండా, పెచ్చు కట్టకుండా కాపాడాలి. తడి గోనెపట్టా కప్పి, పదో రోజు నుంచి రోజూ ఎత్తి చూసి, మొదటి పచ్చటి పోగు కనిపించగానే తీసేయడం నాకు తెలిసిన మార్గాల్లో మేలైనది. అదే గాడిలో అక్కడక్కడ ముల్లంగి గింజలు వేస్తే అవి ముందు మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తాయి, క్యారెట్ పుంజుకునే లోపు పీకి వాడుకోవచ్చు.

విత్తనం వయసు గురించి కూడా రెండు మాటలు రాయవలసి ఉంది. ఉల్లి విత్తనం ఏడాది, మహా అయితే రెండేళ్లు నిలుస్తుంది. క్యారెట్, బీన్స్ మూడేళ్లు, టమాటా నాలుగేళ్లు, దోస అయిదేళ్లు పనిచేస్తాయి. అదీ సరిగా దాచినప్పుడే. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా, దాచిన చోటు అయిదు డిగ్రీలు చల్లబడినా విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుందన్నది పైన చెప్పిన హారింగ్టన్ పేరు మీదనే నిలిచిన లెక్క. వంటింటి అటక మీద పొయ్యి ఆవిరి తగిలేలా పెట్టిన పొట్లం ఎందుకు పాడవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. అనుమానం ఉన్న పొట్లం నుంచి పది గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి వెచ్చటి చోట వారం పది రోజులు ఉంచితే, ఎన్ని మొలిచాయో చూసి, వాటిని పారేయాలా, కాస్త ఒత్తుగా చల్లాలా అన్నది తేల్చుకోవచ్చు. మార్చిలో పోవలసిన ఒక వారాన్ని ఫిబ్రవరిలోనే ఖర్చు పెట్టడం ఇది.

మనం దాచిన విత్తనం ఇంత సుకుమారం కాగా, కలుపు విత్తనం మాత్రం అసాధ్యురాలు. విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో అమెరికాలోని మిషిగన్ వ్యవసాయ కళాశాల ఆవరణలో 21 రకాల మొక్కల గింజలు, రకానికి 50 చొప్పున, ఇసుకతో కలిపి 20 సీసాల్లో పూడ్చిపెట్టాడు. 2021లో తవ్వి తీసిన సీసాలో, 142 ఏళ్ల తర్వాత కూడా, వెర్బాస్కమ్ అనే కలుపు జాతి మొలిచింది. ఆఖరి సీసా 2100లో తీయాలట. అలాంటి వాటితో పోటీ పడుతున్నామని గుర్తుంచుకుని, మడి సిద్ధం చేసిన వెంటనే విత్తకుండా, రెండు మూడు వారాలు వదిలి, మొలిచిన కలుపును లోతుగా తవ్వకుండా పైపైన చెక్కేసి, అప్పుడు విత్తాలి. చల్లటి నేల వెచ్చబడే దాకా ఎదురుచూడమంటే విసుక్కునేవారికి ఆ రోజుల్లో చేయడానికి ఈ పని ఉంది.

ట్రేల్లో పెరిగిన నారును బయటికి మార్చేటప్పుడు ఏడు నుంచి పది రోజులు నీడలో ఒకటి రెండు గంటలతో మొదలుపెట్టి రోజురోజుకూ ఎండకూ గాలికీ అలవాటు చేయాలి. ఒకసారి తీరిక లేక ఆ పది రోజులను ఒక్క రోజుకు కుదించాను. పొద్దున పచ్చగా ఉన్న మిరప ఆకులు సాయంత్రానికి కాగితంలా తెల్లబడ్డాయి. రాత్రి చలి సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. మీరు అచ్చు వేసే కనిష్ఠ ఉష్ణోగ్రత నేలకు మనిషి ఛాతీ ఎత్తున, నీడ పెట్టెలో కొలిచినది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి ఆకుల మీద అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండవచ్చు. పత్రికలో 3 డిగ్రీలు అని చదివి నిశ్చింతగా పడుకున్న ఇంటివారి టమాటా తెల్లారేసరికి ఉడికించినట్టు నల్లబడడానికి కారణం ఇదే. అలాంటి సాయంత్రం ఎండ పోకముందే పలచటి గుడ్డో పట్టానో కప్పి, నేలలో పగటి వేడిని దాని కింద నిలిపి ఉంచాలి.

కాబట్టి నా మనవి ఇది. తరువాతి పట్టికలో తేదీల గడి ఉండనివ్వండి, దాని పక్కన నేల ఉష్ణోగ్రత, లోతు, ఆ వెచ్చదనంలో మొలవడానికి పట్టే రోజులు అని మూడు గడులు చేర్చండి. నారు పోయవలసినవాటినీ నేరుగా విత్తవలసినవాటినీ వేరు చేయండి. ముల్లంగి, లెట్యూస్ వంటి త్వరగా అయిపోయేవాటిని ఒకేసారి కాకుండా పది పదిహేను రోజులకొకసారి కొంచెం కొంచెంగా విత్తుకోమని ఒక గమనిక పెట్టండి. వాతావరణం గడిలో నేల అంకెలు వేయడానికి రెండు పంక్తుల చోటు చాలు. ఇంత రాసినందుకు విసుగు చెందరని తలుస్తాను. మీ శీర్షిక మీద అభిమానం లేకపోతే పట్టికను ఇంత వివరంగా చదివి ఉండేవాణ్ని కాదు.

ఈ ఉదయం ఏడు గంటలకు నా మడిలో అయిదు సెంటీమీటర్ల లోతున 9 డిగ్రీలు ఉంది. 22 రోజుల కిందట పెట్టిన బఠానీలు నిన్ననే నేల పగలదీసుకుని వరస అంతటా కనిపించాయి. నిరుడు బీన్స్ పెట్టిన చోట ఇంకా పట్టా పరిచే ఉంచాను, గింజల డబ్బా మూత తీయలేదు.

ఇట్లు,
భవదీయుడు,
మీ ఆదివారం అనుబంధం పాఠకుడు